ఊట దగ్గర ఆగని బండి

సూసమిర్ లోయ నుంచి ఉత్తరంగా కనుమ ఎక్కే బండి, సొరంగానికి మూడు మలుపుల దిగువన ఉన్న ఊట దగ్గర ఆగితీరాలి. డ్రైవరు దిగి, గుడ్డపీలికలు కట్టిన ఆర్చా పొదకు ఎదురుగా అరచేతులు చాచి ప్రార్థించి, 'ఓమిన్' అని ముఖం తడుముకుని మళ్ళీ ఎక్కాలి. ఆగకుండా దాటిపోయిన బండి ఊపిరిని, కంటికి కనబడని కనుమ యజమాని పట్టేస్తాడు. లోయలోకి వచ్చేవాణ్ణి ఆయన అడ్డగించడు. సెలవు తీసుకోకుండా పోయేవాణ్ణే నిలదీస్తాడు. కనుమకు అవతల ఉన్న కారా-బల్తా ఊరి వ్యాన్ల స్టాండులోని నలభైమంది డ్రైవర్లలో దాదాపు అందరూ దీన్ని నమ్ముతారు. నమ్మనివాడు ఒకడో ఇద్దరో ఉన్నా, ఊట దగ్గర ఆగకుండా పోయి చూద్దామనుకున్నవాడు లేడు.

ఆ వేసవిలో ఈ నమ్మకానికి సాక్ష్యంగా ఒక బండి కూడా దొరికింది. అది సమూదిన్ నడిపే పదిహేడో నంబరు వ్యాను.

సోమవారం పొద్దున్నే అతడు దాన్ని కనిషాయ్ గ్యారేజీకి తెచ్చాడు. గ్యారేజీ అంటే ఒక పాత ఇనప కంటైనరు, దాని ముందు రేకుల పంచ. కనిషాయ్ ఇరవైరెండేళ్ళు ఊళ్ళోని కర్మాగారంలో, కొలత పరికరాలను సరిచూసే గదిలో పనిచేసింది. మీటర్లు నిజం చెబుతున్నాయో అబద్ధం చెబుతున్నాయో తేల్చడం ఆమె ఉద్యోగం. కర్మాగారం మూతబడ్డప్పుడు అందరూ కుర్చీలూ తివాచీలూ మోసుకుపోతుంటే, ఆమె మాత్రం తెరమీద రెండు గీతలు గీసే పాత ఆసిలోస్కోపును అడిగి ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళ వయసులో, ఇతరులకు అంతుపట్టని బండ్ల జబ్బులను కనిపెట్టడమే ఆమె పని. విప్పడం, బిగించడం వేరేవాళ్ళకు వదిలేస్తుంది.

"ఎజే, ఇదే ఆఖరి గడప," అన్నాడు సమూదిన్ దిగుతూనే. అక్కలాంటి ఆడవాళ్ళను అక్కడ అలాగే పిలుస్తారు. అతనికి ముప్ఫై నాలుగేళ్ళు, మనిషి బక్కపలచన. "నువ్వు కూడా చేతులెత్తేస్తే ఇక ముల్లాను పిలవడమే."

"ముల్లా దగ్గర స్కానరుందా?"

"లేదు."

"అయితే ముందు నన్ను చూడనీ. ఏమవుతుందో మొదట్నించీ చెప్పు. నీకేం అనిపించిందో వద్దు, ఏం జరిగిందో చెప్పు."

అతడు చెప్పాడు. కనుమ ఎక్కుతుండగా ఉన్నట్టుండి డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. అంతే, యాక్సిలరేటరు చచ్చిపోతుంది. ఇంజను ఆగదు, కానీ కాలితో నేలకు అదిమినా బండి మనిషి నడకను మించి పోదు. రెండుసార్లు సొరంగం లోపలే అలా జరిగింది. వెనక లారీలు, పొగ, హారన్లు, బండిలో పన్నెండుమంది. ఆపి గంటో రెండు గంటలో ఊరుకుంటే మళ్ళీ ఏమీ జరగనట్టే నడుస్తుంది. మొదటి మెకానిక్కు ఇంజనుకు గాలి వదిలే థ్రాటిల్‌ను కడిగాడు. రెండోవాడు థ్రాటిల్‌నే మార్చాడు. మూడోవాడు స్కానరు పెట్టి, తప్పు పెడల్‌లో ఉందని చదివి, పెడల్ మార్చాడు. ఆ తర్వాతి వారం బండి మళ్ళీ మొరాయించింది.

"శుక్రవారం నమాజయ్యాక చొరోబాయ్ పెద్దాయన స్టాండులో అందర్నీ కూర్చోబెడుతున్నాడు," అన్నాడు సమూదిన్, టోపీ తీసి చేతుల్లో నలుపుతూ. "అప్పటికి బండి బాగవ్వకపోతే నా నంబరు ఇంకొకడికి పోతుంది. సొరంగంలో చచ్చే బండిని వరసలో పెట్టుకోలేమన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను ఎజే. ఆయన చోట ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. కానీ నంబరు పోతే నేనేం నడుపుతాను? నాకింకో పని రాదు."

"ఇవాళ సోమవారం. నాలుగు రోజులున్నాయి," అంది కనిషాయ్, బండి తలుపు తీస్తూ.

ఆమె లోపలికి తొంగిచూసింది. వ్యాను పెళ్ళికి వెళ్ళబోతున్నట్టుంది. నేల తుడిచి ఉంది, రబ్బరు చాపలు మెరుస్తున్నాయి, అద్దాల మీద వేలిముద్ర కూడా లేదు.

"ఎప్పుడు కడిగావు?"

"ఇప్పుడే, వాగు దగ్గర. ఇంకొకరి వాకిట్లోకి మురికిబండి తెస్తానా? అమ్మ చంపేస్తుంది."

"మొదటి ముగ్గురి దగ్గరికీ ఇలాగే కడిగి తీసుకెళ్ళావా?"

"మరి?"

కనిషాయ్ నిట్టూర్చి, పెడల్ పైన ఉన్న తీగల కట్టకు ఆసిలోస్కోపు తగిలించింది. తెరమీద రెండు ఆకుపచ్చ గీతలు నిలిచాయి. నొక్కమని సైగ చేసింది. సమూదిన్ నొక్కాడు, రెండు గీతలూ లేచాయి. ఒకటి ఎంత లేస్తే రెండోది సరిగ్గా అందులో సగం.

"ఇదేంటి ఎజే, ఒక కాలికి రెండు గీతలేంటి?"

"ఇదివరకు నీ కాలికీ ఇంజనుకీ మధ్య ఉక్కుతీగ ఉండేది. నువ్వు తొక్కితే తీగ లాగేది, గాలితలుపు తెరుచుకునేది. ఇప్పుడా తీగ లేదు. నీ కాలు ఎంత నొక్కిందో పెడల్‌లో ఇద్దరు సాక్షులు చూసి, ఎవరికి వారు కంప్యూటరుకి చెప్తారు. ఒకడు నలభై అంటే రెండోవాడు ఇరవై అనాలి. అది కుదిరితే తలుపు తెరుస్తుంది. కుదరలేదనుకో, ఇద్దర్నీ నమ్మదు. ఇల్లు చేరేంత బలం మాత్రం వదిలి ఊరుకుంటుంది."

"పిరికిదన్నమాట."

"సాక్షులు కొట్టుకుంటుంటే ఉరిశిక్ష వెయ్యని జడ్జిని పిరికివాడంటావా? నొక్కు, నొక్కుతూనే ఉండు."

రెండు గంటలు గడిచాయి. తీగలు కదిపింది, మెలిపెట్టింది, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిచేసింది. గీతలు ఒక్కసారి కూడా తడబడలేదు. సాక్షులిద్దరూ కలిసి చదువుకున్న పిల్లల్లా ఒకే మాట చెప్పారు. చివరికి ఆమె పెడల్ తలమీద ఉన్న కనెక్టరును ఊడదీసి భూతద్దం కింద పెట్టింది. ఆరు పిన్నుల్లో రెండింటి మొదట్లో పల్చటి పచ్చదనం కనిపించింది. పిన్నుల మధ్య తెల్లటి పొర ఆరి ఉంది, పాలు ఒలికి ఎండిన చోట ఉంటుందే, అలాగ. ముక్కు దగ్గర పెట్టుకుంది. పులుపు, దాని వెనక పొగ. ఎరిగిన వాసనే, కానీ పెడల్ దగ్గర ఉండవలసిన వాసన కాదు.

"బండిలో ఏమైనా తింటావా?"

"నా బండిలో పొద్దుతిరుగుడు గింజ కూడా ఒలవనివ్వను."

ఆమె స్పిరిట్‌లో ముంచిన దూదిని కనెక్టరు దాకా తీసుకెళ్ళి, మళ్ళీ వెనక్కి తీసుకుంది. తుడిస్తే బండి బాగుపడవచ్చు. ఎందుకు చెడిందో మాత్రం ఇక ఎన్నటికీ తెలియదు. తెలియనిది మళ్ళీ వస్తుంది. కనెక్టరును ఎలా ఉన్నదాన్ని అలాగే బిగించింది.

అప్పుడే పంచలోకి చొరోబాయ్ వచ్చాడు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, తలమీద తెల్లటి ఉన్ని టోపీ. ముప్ఫయ్యేళ్ళు ఆ కనుమ మీద లారీ నడిపి, ఇప్పుడు స్టాండుకు పెద్దగా ఉన్నాడు. ఎవరి నంబరు ఉండాలో, ఎవరిది పోవాలో ఆయనే చెబుతాడు.

"ఏమ్మాయ్, యజమాని దొరికాడా ఆ డబ్బాలో?" అన్నాడు ఆసిలోస్కోపు వైపు గడ్డం ఎగరేసి.

"దొరికితే మీకే మొదట చూపిస్తాను బైకే," అంది, పెద్దవాళ్ళను పిలిచే మర్యాదతో. "ముందు కూర్చోండి. ఒక లెక్క రాయాలి, మీరు సాక్షిగా ఉండాలి."

ఆమె నోటుపుస్తకం తెరిచింది. జూన్ మొదలు ఇప్పటివరకు లోయ నుంచి సమూదిన్ తిరిగివచ్చిన ప్రయాణాలన్నీ అడిగి రాసుకుంది. తేదీలు అతనికి గుర్తులేవు. ఎక్కినవాళ్ళను బట్టి గుర్తుతెచ్చుకున్నాడు: కవలపిల్లల తల్లి ఎక్కిన రోజు, గొర్రెను సీటు కింద దాచినవాడు ఎక్కిన రోజు. మొత్తం పదకొండు ప్రయాణాలు తేలాయి. అయిదింట్లో బండి చచ్చింది, ఆరింట్లో చావలేదు.

"ఇప్పుడు నిజం చెప్పు. ఊట దగ్గర ఏయే రోజుల్లో ఆగావు?"

సమూదిన్ తలవంచుకున్నాడు. చచ్చిన అయిదుసార్లూ అతడు ఆగలేదు. చావని ఆరుసార్లూ ఆగాడు.

చొరోబాయ్ తొడమీద చరిచాడు. "రాసుకో, బాగా రాసుకో! నీ చేత్తోనే రాసుకో! నేనంటే ముసలాడి చాదస్తం, నీ పుస్తకం కూడా అదే అంటోందే?"

"అవును, అదే అంటోంది," అంది కనిషాయ్. ఆమె గొంతులో వెటకారం లేదు. పదకొండుకు పదకొండు కలవడం చిన్న విషయం కాదు. కర్మాగారంలో ఏ మీటరైనా అంత చక్కగా కలిస్తే ముద్ర వేసి పంపేసేది. "లెక్క తప్పు కాదు. ఒక్కటే అడుగుతాను. సమూదిన్, ఆ అయిదు రోజులూ ఎందుకు ఆగలేదు? నువ్వు పట్టింపులేనివాడివి కాదుగా."

"తొందర, ఎజే. పదకొండింటికల్లా ఆరోగ్యాశ్రమం గేటు దగ్గర ఉండాలి. అక్కడి రోగులు భోజనానికి ముందే తాగుతారు, ఆలస్యమైతే తీసుకోరు."

"ఏం తాగుతారు?"

"కిమిజ్. లోయలో ఉండే ఉల్బోల్సున్ అవ్వ గుర్రాలవి."

పెన్ను ఆగిపోయింది. ఆడగుర్రాల పాలు, తోలుతిత్తిలో పులిసినవి. తిత్తికి లోపల పట్టించిన పొగ. అందరి ఇళ్ళలోనూ ఉండే ఆ వాసనను తన ముక్కు ఇందాక ఎందుకు పోల్చుకోలేకపోయిందో ఆమెకు అర్థమైంది: ఎదుట ఉన్నది ఇల్లు కాదు, బండి.

"ఆ కిమిజ్ బండిలో ఎక్కడ పెడతావు?"

"పెట్టడమేంటి, కడతాను. మా తాత తిత్తి అది. ప్లాస్టిక్ సీసాలో పోస్తే చప్పబడిపోతుందని అవ్వ ఊరుకోదు. తాత జీను కొమ్ముకి కట్టేవాడు, గుర్రం నడకకి అదే చిలుక్కునేది. నేను ఇదిగో," వంగి, యాక్సిలరేటరుకు పక్కన, గేరు పెట్టె గోడకున్న మడతకొక్కేన్ని తెరిచి చూపించాడు. "ఇక్కడ కడతా. దారి కుదుపుకి చిలుక్కుంటుంది. మోకాలితో మధ్యమధ్య నేనూ ఒక పోటు పొడుస్తుంటా. మా తిత్తిలో కిమిజ్ ఇంకెవడి దగ్గరా రాదు, అడగండి బైకేని!"

"అది నిజమే," అన్నాడు చొరోబాయ్ గంభీరంగా. "ఆ విషయంలో వీణ్ణి ఏమీ అనకూడదు."

"మరి ఈ సంగతి ఆ ముగ్గురు మెకానిక్కులకీ చెప్పలేదేం?"

"కిమిజ్ గురించి మెకానిక్కుకి ఎందుకు చెప్తాను?" అన్నాడు సమూదిన్ నిజంగానే ఆశ్చర్యపడి.

కనిషాయ్ కాగితం మీద పెద్ద చతురస్రం గీసి, నిలువునా అడ్డంగా గీతలు కొట్టి నాలుగు గడులు చేసింది. పైన 'ఆగాడు', 'ఆగలేదు'. పక్కన 'కిమిజ్ ఉంది', 'కిమిజ్ లేదు'. 'ఆగలేదు, కిమిజ్ ఉంది' గడిలో అయిదు వేసింది. 'ఆగాడు, కిమిజ్ లేదు' గడిలో ఆరు. కాగితాన్ని చొరోబాయ్ వైపు తిప్పింది.

"బైకే, ఈ రెండు గడులు చూడండి. ఖాళీ. కిమిజ్ పెట్టుకుని ఊట దగ్గర ఆగిన రోజు ఒక్కటీ లేదు. కిమిజ్ లేకుండా ఆగకుండా పోయిన రోజు కూడా ఒక్కటీ లేదు. బండిని పట్టుకున్నది యజమానో, కిమిజో ఈ కాగితం చెప్పలేదు. ఎప్పుడు చూసినా ఇద్దరూ ఒకేసారి వస్తున్నారు."

చొరోబాయ్ ఖాళీ గడుల మీద వేలు పెట్టాడు. ముప్ఫయ్యేళ్ళు లారీ నడిపినవాడికి ఖాళీ అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అయితే ఖాళీలు నింపాలంటావు."

"నింపాలి. మొదటి గడికి మీరూ రావాలి. ఓమిన్ మీరే చెప్పాలి. రేపు బండి ఆగిపోతే, సమూదిన్ సరిగ్గా చెప్పలేదనీ, మనసు పెట్టలేదనీ మాట రాకూడదు."

"నేను చెప్తే ఆగదమ్మాయ్."

"ఆగకపోతే నేను ఓడినట్టు. అప్పుడు కాగితం చింపేసి మీతోపాటు ఊట దగ్గరికొస్తాను."

*

మంగళవారం ముగ్గురే బయల్దేరారు; ప్రయాణికులను ఎక్కించుకోలేదు. ఉల్బోల్సున్ అవ్వ ఉన్ని గుడారం దగ్గర తిత్తి నింపించి, అవ్వ పోసిన గిన్నెలు వద్దనకుండా తాగి, కనుమ వైపు మళ్ళారు. తిత్తి కొక్కేనికి వేలాడుతోంది. కనిషాయ్ పక్కసీట్లో స్కానరు ఒళ్ళో పెట్టుకుంది. తెరమీద రెండు అంకెలు పరుగెడుతున్నాయి. నలభై నాలుగు, ఇరవైరెండు. ముప్ఫై ఆరు, పద్దెనిమిది. వెనకసీట్లో చొరోబాయ్ దగ్గుకుంటూ మంత్రాలు సరిచూసుకుంటున్నాడు.

ఊట దగ్గర ఆగారు. పెద్దాయన దిగి, టోపీ సర్దుకుని, అరచేతులు చాచి, తన తాతముత్తాతలకూ, ఆ దారిలో పోయిన లారీ డ్రైవర్లకూ, గుర్రాలకూ పేరుపేరునా చెప్పుకుంటూ ఎంతసేపో నిలబడ్డాడు. సమూదిన్ చలికి కాళ్ళు మార్చాడు. కనిషాయ్ గడియారం చూసి రాసుకుంది: ఓమిన్, తొమ్మిది నిమిషాలు.

"ఇంతకన్నా పెద్దది పెళ్ళికి కూడా చెప్పను," అన్నాడాయన ఎక్కుతూ. "పోనీ ఇక."

మొదటి మలుపు దాటారు. అంకెలు బాగున్నాయి. రెండో మలుపులో నిటారు ఎక్కుడు మొదలైంది. సమూదిన్ మోకాలు అలవాటు చొప్పున తిత్తిని ఒక పోటు పొడిచింది. నలభై ఎనిమిది, ఇరవైనాలుగు. నలభై ఎనిమిది, ఇరవైతొమ్మిది. నలభై ఎనిమిది, ముప్ఫై ఏడు. పసుపు దీపం వెలిగింది. ఇంజను గొంతు పడిపోయింది.

"చచ్చింది," అన్నాడు సమూదిన్.

"పక్కకి తియ్యి. ఎవరూ కదలకండి. దేన్నీ తుడవకండి."

కనిషాయ్ టార్చి వెలిగించి, సమూదిన్ మోకాళ్ళ కింద తల దూర్చింది. ఎత్తుకు వచ్చేసరికి బిస్కెట్ పాకెట్లు ఉబ్బినట్టే తిత్తి కూడా బిగుసుకుంది. చెక్కబిరడా పక్కనుంచి నురగ సన్నగా ఊరుతోంది. తిత్తి వెనకనుంచి పోయే తీగల కట్టను ఆ నురగ తాకుతోంది. అక్కడినుంచి ఒక చుక్క తీగను పట్టుకుని, తొందర లేకుండా, కిందికి నడిచి కనెక్టరు లోపలికి మాయమైంది. దాని వెనక ఇంకొకటి బయల్దేరింది.

"బైకే, ఇలా వంగి చూడండి. మీ కళ్ళతో చూడాలి."

డెబ్భై ఒక్కేళ్ళ మనిషి రెండు సీట్ల మధ్యనుంచి నడుం పట్టుకుని వంగి చూశాడు. చెయ్యి చాచి, తీగ మీది చుక్కను వేలితో అద్ది నాకాడు.

"కిమిజే," అన్నాడు. కాసేపాగి, "బాగుంది," అన్నాడు.

సమూదిన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. కనిషాయ్ మాత్రం నవ్వకుండా రాసుకుంది.

"ఇది ఉప్పుగా, పుల్లగా ఉంటుందిగా, ఇందులోంచి కరెంటు పారుతుంది. ఒక సాక్షి మాట రెండోవాడి తీగలోకి కారుతోంది. బండి లోపల వాడే కనెక్టరు కదా, నీళ్ళు రాకుండా రబ్బరు ఉండదు. పెడల్ మార్చినా ఇదే కనెక్టరును తెచ్చి మళ్ళీ తగిలించారు. నువ్వు ఊరు చేరి, తిత్తి విప్పి, బండి కడిగి తెచ్చేసరికి ఇది ఎండిపోతుంది."

"ఒక్కసారికే తేల్చేస్తావా?" అన్నాడు చొరోబాయ్. "నువ్వు ఎక్కావని యజమానికి కోపమొచ్చిందేమో. నమ్మనిదాన్ని ఎక్కించుకొచ్చి మంత్రం చదివితే ఎవరికైనా కాలదూ?"

"ఒక్కసారికి తేలదు, మీరన్నది నిజమే," అంది కనిషాయ్. "ఆరబెట్టి, కిందికి పోయి మళ్ళీ ఎక్కుదాం. ఈసారి నేను ఊట దగ్గర దిగిపోతాను. మీరిద్దరే పొండి. అంకెలు మీరు చదవండి."

అలాగే చేశారు. హీటరు గాలి కనెక్టరుకు తగిలేలా పెట్టి గంటన్నర కూర్చున్నారు. అవ్వ మూటగట్టి ఇచ్చిన బొర్సోక్, నూనెలో పొంగిన ఆ పిండిముక్కలు, మధ్యలో పెట్టుకుని తిన్నారు. చొరోబాయ్ తన లారీ రోజుల కథలు చెప్పాడు. రెండోసారి ఎక్కినప్పుడు ఓమిన్ పన్నెండు నిమిషాలు పట్టింది. కనిషాయ్ ఊట పక్కన రాతిమీద కూర్చుని, వ్యాను మలుపు తిరిగి కనుమరుగవడం చూసింది. ఇరవై నిమిషాల తరువాత అది మనిషి నడకన వెనక్కి దిగింది. కిటికీలోంచి చొరోబాయ్ తల బయటపెట్టి అరిచాడు:

"నలభై, ముప్ఫై ఒకటి! ఏం చూస్తావు, రాసుకో!"

బుధవారం మిగిలిన గడి. తిత్తి లేదు, ఊట దగ్గర ఆగడం లేదు. కనెక్టరును కనిషాయ్ ఇంకా తుడవలేదు. బయల్దేరే ముందు చొరోబాయ్ సీట్లో ఇబ్బందిగా కదిలాడు.

"అమ్మాయ్, ఊట వచ్చేసరికి నా చేతులు వాటంతటవే లేస్తాయి. ముప్ఫయ్యేళ్ళ అలవాటు."

"కట్టెయ్యమంటారా?"

"నీకు సిగ్గులేదా? కూర్చుంటాలే వాటి మీద."

అన్నట్టుగానే రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, ఊట వైపు చూడకుండా, సొరంగం వచ్చేదాకా బిగుసుకుని కూర్చున్నాడు. సొరంగం నోరు నల్లగా ముందుకొచ్చింది. యాభై రెండు, ఇరవై ఆరు. లోపల పొగ, దీపాల పసుపు. నలభై, ఇరవై. అవతలి వెలుగు గుండ్రంగా పెరిగి పెరిగి బండిని బయటికి లాక్కుంది.

సమూదిన్ పక్కకు ఆపి, దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"మనసులో అనుకున్నారా బైకే?" అని అడిగింది కనిషాయ్.

"నోరు మూసుకునే కూర్చున్నా. మనసు నా చేతుల కింద లేదుగా."

ఆమె దాన్ని కూడా రాసుకుంది: మొదటి ఎక్కుడు, మనసులో అనుకున్నదీ లేనిదీ తేలలేదు. తరువాతి రెండు ఎక్కుళ్ళకు పెద్దాయనను ఉల్బోల్సున్ అవ్వ గుడారం దగ్గర దింపి, ఎక్కడికి వెళుతున్నదీ ఆయనకు చెప్పకుండా వెళ్ళారు. రెండుసార్లూ బండి సొరంగం దాటింది. తిరిగి వచ్చేసరికి ఆయన గుడారం నీడలో ఒత్తిగిలి నిద్రపోతున్నాడు. పక్కన ఖాళీ గిన్నె.

గురువారం తెల్లవారకముందే ఆమె కనెక్టరును స్పిరిట్‌తో కడిగి, ఆరబెట్టి, తీగల కట్టను ముందు కిందికి దింపి మళ్ళీ పైకి లేచేలా మెలితిప్పి కట్టింది. ఏ చుక్కైనా ఆ వంపులోనే రాలిపోతుంది, పైకి ఎక్కలేదు. తిత్తి కోసం వెనక తలుపు పక్కన కొత్త కొక్కెం బిగించింది. సమూదిన్ ముఖం కొంచెం చిన్నబోయింది.

"మోకాలి పోటు ఉండదు కదా ఎజే."

"వెనకచక్రాల మీద కుదుపు ఎక్కువ. తాత గుర్రం కూడా అంత ఎగరలేదు. చూడు, ఇంకా బాగా వస్తుంది."

ఆ రోజు నిండు తిత్తితో, ఊట దగ్గర ఆగకుండా మూడుసార్లు ఎక్కారు. మొదటిసారి పదకొండుకు పది నిమిషాల ముందే ఆరోగ్యాశ్రమం గేటు చేరారు. అక్కడి వంటమనిషి గిన్నెలో పోసుకుని రుచిచూసి, ఇవాళ ఎవరు చిలికారని అడిగింది. సమూదిన్ వెనక చక్రాన్ని చూపించాడు.

*

శుక్రవారం నమాజు తరువాత స్టాండులో టీకొట్టు బల్లల మీద డ్రైవర్లు కూర్చున్నారు. చొరోబాయ్ నాలుగు గడుల కాగితాన్ని పైకెత్తి, గడి తరువాత గడి చదివాడు. ఒకడు అడ్డొచ్చాడు:

"అంటే పెద్దాయనా, మీ ఓమిన్ పనిచెయ్యలేదంటారా?"

"పన్నెండు నిమిషాలు చెప్పానురా. ఇంకేం చెప్పమంటావు? బండి కిమిజ్ తాగింది, చచ్చింది. నువ్వు తాగితే నడపగలవా?"

అందరూ నవ్వారు. ఎవరో తిత్తి గురించి ఎగతాళి చేశారు. ఇంకెవరో తన బండిలో కూడా పెడల్ పక్కనే సీసా పెడతానని ఒప్పుకుని, లేచి చూసుకోవడానికి వెళ్ళాడు. సమూదిన్ తిత్తి విప్పి వరసగా గిన్నెల్లో పోశాడు. మొదటి గిన్నె కనిషాయ్‌కి ఇచ్చాడు. ఆమె రెండు చేతులా అందుకుని, చివరిదాకా తాగి, ఖాళీ గిన్నె తిరిగి ఇచ్చింది.

"నంబరు?" అని అడిగాడు సమూదిన్, పెద్దాయన వైపు చూడలేక గిన్నె వైపు చూస్తూ.

చొరోబాయ్ స్టాండు పుస్తకం తెరిచి, పదిహేడు ఎదురుగా రాసి ఉన్న ప్రశ్నార్థకాన్ని కొట్టేశాడు. తరువాత పుస్తకాన్ని కనిషాయ్ వైపు తోశాడు.

"నువ్వే రాయి, నీ చెయ్యి బాగుంటుంది. అక్టోబరుదాకా వీడి ప్రయాణాలు ఇక్కడే రాస్తూ ఉండు. నేనూ చూస్తుంటాను."

ఆ పుటలో కనిషాయ్ చేతిరాతతో చివరి నమోదు ఇది:

పదిహేడో నంబరు. జూలై రెండో శుక్రవారం నుంచి సెప్టెంబరు ముప్ఫై వరకు, లోయ నుంచి తిరుగు ప్రయాణాలు ముప్ఫై ఒకటి. కిమిజ్ తెచ్చినవి పద్నాలుగు, తిత్తి వెనక కొక్కేనికి. ఊట దగ్గర ఆగినవి పంతొమ్మిది, ఆగనివి పన్నెండు. బలం పోయినది: ఒక్కసారీ లేదు. స్టాండులోని మిగతా ముప్ఫై తొమ్మిది బండ్లు ఊట దగ్గర ఆగడం: ఎప్పటిలాగే.